చేవెళ్ల, మొయినాబాదు సీమలో నెలవంక పండుగలు

హైదరాబాదు నగరమునుండి పడమటగా వికారాబాదు వైపు సాగిపోవు బాటపై మొదట మొయినాబాదు, దాని కావల చేవెళ్ల కలవు. మొయినాబాదునకు ఉత్తరమున మూసీ నదిపై కట్టిన ఉస్మాన్‌సాగరు, తూర్పున ఈసీ నదిపై కట్టిన హిమాయత్‌సాగరు. బాట కిరువైపుల పాతకాలపు మర్రిచెట్లు ఊడలు దించి నిలిచియున్నవి. ఈ సీమ వానను, చెరువును, బావిని నమ్ముకొని బ్రతికిన సీమ. ఇచ్చటి రైతునకు ఏడాది మృగశిర కార్తెతో మొదలగును. తెలంగాణమున దానినే మిరుగము అందురు. రోహిణిలో దుక్కి, మిరుగమున విత్తనము, మాఘపౌష్యములలో కందికోత. ఇది యంతయు సూర్యుని లెక్క. సూర్యుడు ఏ కార్తెలో నున్నాడో చూచి నాగలి కదలును.

ఇవే పల్లెలలో గోలకొండ సుల్తానుల కాలమునుండి మరియొక లెక్కయు నడచుచున్నది. అది నెలవంక లెక్క. చెరువుకట్టపై నిలిచి పడమటి ఆకాశమున సన్నని చంద్రరేఖను వెదకి, అది కనబడినచో మరునాడు ఉపవాసమనియో పండుగయనియో నిశ్చయించుట ఈ లెక్కలోని పద్ధతి. "ఈ యేడు రంజాను ఎండలలో వచ్చినదేమి? మా చిన్ననాడు వానలలో వచ్చెడిది గదా" యని పెద్దలు అనుకొనుట ప్రతి గ్రామమున వినవచ్చును. ఆ మాటలో ఒక పెద్ద చరిత్ర యిమిడియున్నది.

హిజ్రీ సంవత్సరమునకు పండ్రెండు చాంద్రమాసములు; దినములు 354, ఒక్కొక్కయేడు 355. సౌరసంవత్సరముకంటె సుమారు పదునొకండు దినములు తక్కువ. అందువలన ఇస్లాము పర్వదినములన్నియు ఏటేట పదిపదునొకండు దినములు ముందునకు జరుగుచు, ఇంచుమించు ముప్పదిమూడేండ్లకు ఋతువులన్నింటిని చుట్టివచ్చును. ముహమ్మదు ప్రవక్త మక్కానుండి మదీనాకు తరలిన 622వ సంవత్సరమునుండి ఈ శకమును లెక్కించు పద్ధతి రెండవ ఖలీఫా ఉమరు కాలమున ఏర్పడెను. అంతకుముందు అరబ్బులు నెలలను ఋతువులతో సరిపుచ్చుటకై నడుమ నడుమ ఒక నెలను చేర్చుచుండిరి. ఖురాను దానిని నిషేధించెను. మన పంచాంగకర్తలు అధికమాసమును చేర్చి చంద్రుని సూర్యునితో జతకూర్చిరి. ఇస్లాము ఆ జతను వలదని చంద్రుని స్వేచ్ఛగా విడిచిపెట్టెను. రెండు లెక్కలకును ఉన్న భేదమంతయు ఈ ఒక్క అధికమాసమే.

ఇందుండి ఒక చమత్కారము పుట్టుచున్నది. తెలుగువారి మాసము అమావాస్యతో ముగిసి పాడ్యమితో మొదలగును. హిజ్రీ మాసము నెలవంక కంటబడినపిమ్మట, అనగా విదియ తదియల వేళ మొదలగును. కనుక హిజ్రీ నెలలోని పదవ దినము ఒక దినము అటునిటుగా మన యేకాదశి యగును. పీర్ల పండుగ యైన మొహర్రము పదియు, బక్రీదు యైన జిల్‌హిజ్జ పదియు ఎల్లప్పుడు ఏదో యొక మాసపు శుక్లపక్షములో ఏకాదశి ప్రాంతముననే వచ్చును. 2016లో దసరా అక్టోబరు 11వ తేదీన రాగా మరునాడే మొహర్రము పది యయ్యెను. 2024లో ఏప్రిల్ 9 ఉగాది, 11 రంజాను పండుగ. 2025 జూలై 6వ తేదీన తొలి యేకాదశియు మొహర్రము పదియు ఒక్కనాడే వచ్చినవి. ఆనాడు ఒకే వీథిలో ఒక ఇంటివారు విష్ణువునకై ఉపవసింపగా, ప్రక్క ఇంటివారు ఆషూరా ఉపవాసము పట్టిరి. ఇది యాదృచ్ఛిక మనుకొనువారు పంచాంగమును చూడనివారు. ఇరువురును చూచునది ఒకే చంద్రుని.

ఇట్లు ఋతువులతో సంబంధము తెంచుకొన్న పండుగలు పుట్టుటకు కారణమేమి? హదీసు గ్రంథములలో ఒక వృత్తాంతము కలదు. ప్రవక్త మదీనాకు వచ్చునప్పటికి అచ్చటి జనులు ఏటికి రెండు దినములు ఆటపాటలతో గడపుచుండిరి. ఆ రెండును వసంతమున వచ్చు నౌరోజు, శరత్తున వచ్చు మెహర్‌గాన్ అని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆ రెండింటికి బదులుగా ప్రవక్త ఈదుల్ ఫితర్, ఈదుల్ అజ్‌హా అను రెండు పండుగలను విధించెను. మొదటిది రంజాను నెల ఉపవాసములు ముగిసిన మరునాడు. రెండవది హజ్జు యాత్రాదినములలో, ఇబ్రాహీము ప్రవక్త త్యాగమునకు స్మృతిగా. రంజాను ఉపవాసము విధియైనది హిజ్రీ 2వ సంవత్సరమున, అనగా 624లో. పంట యింటికి వచ్చెనని సంతోషించు పండుగ ఒక్కటియు ఇందులేదు. ఒకటి ఆకలిని ఓర్చుకొన్నందులకు, ఇంకొకటి ప్రియమైనదానిని విడువ సిద్ధపడినందులకు. పంట పండినను ఎండినను ఆ దినము వచ్చి తీరును; దేవునికి కృతజ్ఞత చెప్పి తీరవలెను. ఇది కఠినమైన నియమమే. గాదె నిండినపుడు చేతులు జోడించుట ఎవరికైనను సులభము.

అట్లని పంటకు కృతజ్ఞత లేదని కాదు. దానికి పండుగ లేదు గాని, లెక్క కలదు. కోతకోసిన దినముననే అందలి హక్కును ఇచ్చివేయుడని ఖురాను ఆజ్ఞ. దానిని ఉష్రు అందురు. అరబ్బీలో ఆ మాటకు పదియవ వంతని యర్థము. వాననీటితోను ఊటనీటితోను పండిన పంటలో పదియవ వంతు, నీరుతోడి శ్రమపడి పండించిన పంటలో ఇరువదియవ వంతు బీదలకు చెల్లవలెను. ఈ భేదమును చేవెళ్ల రైతునకు విడమరచి చెప్పనక్కరలేదు. మోటబావిపై ఎడ్లను వెనుకకు ముందుకు నడపి కూరగాయల మళ్లకు నీరుపెట్టినవాడు, ఆకసమువైపు చూచి జొన్న చల్లినవాడు సమానముగా శ్రమపడలేదని అరేబియా శాస్త్రము గ్రహించినది. నిజాం సర్కారు రివిన్యూ లెక్క ఇందుకు తలక్రిందులుగా నుండెను. మెట్టనేలను ఖుష్కీ యని, చెరువు క్రింది తడినేలను తరీ యని విడదీసి, తరీకి ఎక్కువ శిస్తు విధించిరి. చెరువు సర్కారుది గావున సర్కారు తన నీటికి వెల కట్టినది. దేవునికి వెల కట్టుటలో రైతు చెమట లెక్కకు వచ్చినది. మన దేశపు భూములు ఉష్రునకు లోబడునా, లేదా అని మతపండితులలో వాదములు కలవు. వాదము లెట్లున్నను, కళ్లమున ధాన్యము తూర్పారబట్టిన వెనుక పనిపాటలవారితోపాటు గుమ్మము ముందుకు వచ్చిన ఫకీరునకును చాటెడు గింజలు పోయుట తెలంగాణ గ్రామములలో ఆచారముగానుండెను. ఆ రైతు హిందువైనను ముస్లిమైనను ఆ చాటను వెనుకకు తీయలేదు.

రంజాను పండుగకు సంబంధించిన ఫిత్రా దానమును గూడ ఇచ్చట చెప్పవలెను. పండుగ నమాజునకు పోకముందే ఇంటిలోని ప్రతి మనిషి పేరను, పసిబిడ్డల పేరను గూడ, ఒక కొలత ఖర్జూరముగాని యవలుగాని, లేదా అందు సగము కొలత గోధుమగాని, దాని వెలగాని బీదల కియ్యవలెను. పండుగనాడు ఎవ్వరును బిచ్చమెత్తకుండుటకై ఈ యేర్పాటు. బక్రీదు మాంసమును మూడు పాళ్లు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి బీదలకు పంచుట ప్రశస్తము. పండుగ నమాజు ఊరివెలుపల బయలున ఈద్గాలో జరుపుట సంప్రదాయము. మసీదు చిన్నదైనచోట ఇది మేలే. పైగా చుట్టుపట్ల నాలుగైదు పల్లెలవారు ఒకచోట కలిసికొనుటకు ఏడాదిలో అవి రెండే సందర్భములు. ముస్లిముల ఇండ్లు నాలుగో అయిదో ఉన్న చిన్న పల్లెలనుండి మొయినాబాదువంటి పెద్ద యూరి ఈద్గాకు నడచి వచ్చుట ఒక యాత్రయే.

వారమున కొకమారు వచ్చు శుక్రవారమును గూర్చి ఒక పొరపాటు ప్రచారములో నున్నది. నిజాం ప్రభుత్వమున కచ్చేరీలకు శుక్రవారము సెలవు. దానిచేత అది విశ్రాంతి దినమని జనులు తలచిరి. నిజమునకు ఖురాను చెప్పునది వేరు: నమాజు పిలుపు వినబడగానే వ్యాపారము విడిచి రండు, నమాజు ముగియగానే మరల చెదరిపోయి దేవుని అనుగ్రహమును వెదకికొనుడు, అనగా పనులు చూచికొనుడు. సెలవు సర్కారు ఇచ్చినది. మతము ఇచ్చినది మధ్యాహ్నపు గంటసేపు మాత్రమే.

ఇచ్చట ప్రభుత్వమునకే యొక చిక్కు వచ్చెను. చంద్రుని లెక్కనుబట్టి శిస్తు వసూలు చేసినచో ముప్పదిమూడేండ్లలో ఒక సంవత్సరపు శిస్తు రైతు అదనముగా కట్టవలసివచ్చును. పైగా పంట చేతికి రాకమునుపే గడువు దాటిపోవును. మొగలు చక్రవర్తి అక్బరు కాలమున ఇందుకై ఫసలీ శకము ఏర్పడెను. షాజహాను కాలమున దక్కనునకు వచ్చెను. ఫసల్ అనగా పంట. మన పహాణీలలో కనబడు ఫసలీ సంవత్సరము క్రీస్తుశకముకంటె సుమారు 590 ఏండ్లు వెనుకబడియుండుటకు ఇదే కారణము. నిజాముల కాలమున కచ్చేరీ వ్యవహారము ఫసలీలో, రాజశాసనమైన ఫర్మానా హిజ్రీలో, బ్రాహ్మణుడు పెట్టు ముహూర్తము తెలుగు తిథిలో. పెద్దమంగళారములో పుట్టి వకీలుగా పేరొంది, తరువాత మంత్రియై తన పేరు జిల్లాకు పెట్టబడిన కొండా వెంకట రంగారెడ్డివంటివారి తరము ఈ మూడు లెక్కలను ఒకేమారు తలలో పెట్టుకొని బ్రతికినది. శిస్తు పంటను వెదకికొనుచు పోయినది. నమాజు మాత్రము పంటను చూడలేదు.

ఇక ఈ సీమ జనులందరికి ఎక్కువగా తెలిసిన దినము మొహర్రము పది. దీనిని ఆషూరా అందురు. దీని కథ విచిత్రమైనది. ఇది మొదట కృతజ్ఞతా దినము. ప్రవక్త మదీనాకు వచ్చినపుడు యూదులు ఆ దినమున ఉపవసించుట చూచి కారణమడిగెను. ఫరోరాజు చేతినుండి మూసా ప్రవక్తను, ఆయన జనులను దేవుడు రక్షించిన దినమిది, అందులకై కృతజ్ఞతగా ఉపవసించుచున్నామని వారు చెప్పిరి. మూసాపై మాకును హక్కు కలదని ప్రవక్త తానును ఉపవసించి, అనుచరులను ఉపవసింప జెప్పెను. రంజాను విధియైన తరువాత ఇది ఐచ్ఛికమయ్యెను. ఏబదియేండ్లు దాటిన వెనుక, హిజ్రీ 61వ సంవత్సరమున ఇదే దినమున, అనగా 680 అక్టోబరు 10న, ప్రవక్త మనుమడు హుస్సేను కర్బలా మైదానమున దాహముతో నలమటించి పరివారముతో గూడ వధింపబడెను. విముక్తికి కృతజ్ఞత చెప్పు దినముమీద శోకము వచ్చి కూర్చున్నది. నాటినుండి సున్నీలలో ఉపవాసము, షియాలలో సంతాపము, ఒకే దినమునకు రెండు ముఖములు.

ఆ శోకము తెలంగాణ పల్లెలకు వచ్చినది గోలకొండ మార్గముననే. కుతుబ్‌షాహీలు షియాలు. హైదరాబాదు నగరమును కట్టించిన ముహమ్మదు కులీ కుతుబ్‌షా చార్మినారు కట్టిన కొలది యేండ్లకే బాదుషాహీ ఆషూర్‌ఖానాను కట్టించెను. 1596 నాటికి అది పూర్తియయ్యెను. ఆయన దక్కనీ భాషలో వ్రాసిన కవితలలో ఈదు, షబేబరాత్, ప్రవక్త జన్మదినముతోపాటు వసంతోత్సవమును, తొలకరి మిరుగమును గూర్చిన కవితలు కలవు. చంద్రుని పండుగలను పాటించిన రాజు రైతు పండుగను గూడ ఆనందించినాడన్నమాట. ఆయన కుమార్తె హయాత్ బక్షీ బేగము పేరుతో ముడివడిన బీబీ కా అలము నేటికిని ఆషూరానాడు పాతబస్తీలో ఊరేగును. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన తరువాత బాదుషాహీ ఆషూర్‌ఖానా కళతప్పెను. మరల నిజాం అలీఖాను కాలమునగాని అచ్చట దీపము వెలుగలేదు. రాజధానిలో దీప మారినను పల్లెలలో పీర్ల చావిళ్లు నిలిచినవనుటకు నేటికిని ఊరూర నిలిచియున్న ఆచారమే సాక్షి.

మొహర్రము నెలవంక కనబడగానే చావిడి ముందు గుంతకు గుద్దలి వేయుదురు. పెట్టెలో భద్రపరచిన పీర్లను వెలికిదీసి చింతపండుతో తోమి, గంధము పూసి, రంగుల దట్టీలు కట్టి నిలుపుదురు. ఇత్తడివి కొన్ని, వెండివి కొన్ని. అరచేయి యాకారమున నుండునవి మరికొన్ని. ఒక్కొక్క దానికి హసను, హుస్సేను, కాసిము అని పేర్లు. మొక్కులున్నవారు కుడుకల దండలు వేయుదురు. ఊదు పొగ వేయించుకొందురు. రొట్టెను బెల్లముతో నలిపి మలీదా చేసి పంచుదురు. మిరియాల బెల్లపు పానకము పోయుదురు. హుస్సేనుకు దొరకని నీటిని తలచుకొని దారిన పోవువానికి పానకమిచ్చుట అందలి యర్థము. రాత్రులయందు నిప్పులగుంట చుట్టు ఆడుదురు. పాడు పాటలు తెలుగు పాటలు. పదవనాడు సవారి వెడలి, చెరువునొద్దనో బావినొద్దనో పీర్లను కడిగి, మరల పెట్టెలో పెట్టుదురు. పీరును ఎత్తువాడు ఫలానా కులమువాడు, గుంతకు కట్టెలు తెచ్చువారు ఫలానా ఇంటివారు, డప్పు కొట్టువారు ఫలానావారు అని తరతరముల కట్టుబాట్లు. తెలంగాణమున ముస్లిము గడప ఒక్కటియు లేని ఊళ్లలో గూడ హిందువులే పీర్లను నిలిపి సాగించుట కలదు. బిడ్డలు నిలువనివారు పీరునకు మ్రొక్కి పుట్టినవానికి పీరయ్య యనియు, హుస్సేనమ్మ యనియు, సైదులు, జహంగీరు అనియు పేర్లు పెట్టుకొనిరి. ఆ పేర్లు ఓటర్ల పట్టీలలో చూచి మతము నిర్ణయింపబోవు పైయూరి గుమాస్తా తికమకపడుట సహజము.

ఇందులో ఇస్లామెంత, జాతరయెంత అని అడుగువారున్నారు. అడుగదగిన ప్రశ్నయే. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున హైదరాబాదున జామియా నిజామియా వెలసిన తరువాత శాస్త్రపరిజ్ఞానము ఊళ్లకు గూడ వ్యాపించెను. వేషములు, కల్లు, చిందులు హుస్సేను స్మృతికి తగవని పలువురు ఉలేమాలు పలుమారులు చెప్పిరి. ఆషూరానాడు చేయదగినది ఉపవాసము, దానము, ప్రార్థన. ఇత్తడి చేతికి దట్టీ కట్టుట కాదని వారి మతము. వారి మాటను తేలికగా త్రోసివేయరాదు. విధియైన పండుగలు రెండే యని, పీర్ల పండుగ అందులో లేదని చెప్పుటకు వారికి శాస్త్రాధారము కలదు. ఆవలి ప్రక్క 1930ల తరువాత కొందరు హిందువులును ఇది మనది కాదు, మానుడని బోధించిరి. అందుకును ఒక కారణముండెను. మొహర్రము, దసరా కలసివచ్చిన యేడులలో నిజాం సర్కారు హిందువుల మేళతాళములపై ఆంక్షలు పెట్టుచుండెను. 1938-39లో జరిగిన ఆర్యసమాజ సత్యాగ్రహమునకు మూలమైన ఫిర్యాదులలో మతోత్సవములపై ఆంక్షలు ముఖ్యమైనవి. ఒకే ఏకాదశి ప్రాంతమున వచ్చు రెండు పండుగలను ఊరి పెద్దలు ఒడంబడికతో నడపుకొనుచుండగా, కచ్చేరీ హుకుము వచ్చి అందొక దానిని పెద్దది, ఇంకొక దానిని చిన్నది చేసెను. పల్లె సర్దుబాటును సర్కారు చెడగొట్టిన సందర్భములలో ఇదియొకటి.

ఋతువుతో పనిలేని కృతజ్ఞత ఎంత కష్టమైనదో ఈ సీమకు, నగరమునకు తెలియవచ్చిన సంవత్సరము 1908. ఆ సెప్టెంబరు చివరి దినములు బతుకమ్మ దినములు, దేవీ నవరాత్రులు. రంజాను నెల మొదలైన దినములును అవే. శంషాబాదున నలుబదియెనిమిది గంటలలో దాదాపు 19 అంగుళముల వాన కురిసినది. నగరమునకు ఎగువ మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతమున, అనగా ఈ సీమయు దానిని చుట్టియున్న సీమలందును ఉన్న 788 చెరువులలో 221 తెగినవి. చెరువు తెగిన నీరు క్రింది చెరువును తెంచుచు పోయి, సెప్టెంబరు 28వ తేదీన నగరముపై పడెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి తోటలోని యొక చింతచెట్టుపై నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని కలదు. ఆరవ నిజాము మహబూబు అలీఖాను హిందూ సంప్రదాయము ననుసరించి నదికి హారతి యిచ్చి పసుపుకుంకుమలు సమర్పించెనని ప్రజలు చెప్పుకొందురు.

రుబాయీ కవిగా తరువాత ప్రసిద్ధుడైన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయెను. తానొక్కడే బయటపడెను. రంజాను ఉపవాసములు మాత్రము ఆగలేదు. ఇండ్లు కూలినవారు గంజికేంద్రములయొద్ద ఇఫ్తారు చేసికొని, అక్టోబరు చివరివారమున పండుగ నమాజు చేసిరి. ఎందులకు కృతజ్ఞత? అని ఆ దినమున అడిగినవారు లేకపోలేదు. అమ్జదు మిగిలిన జీవితమంతయు వ్రాసిన రుబాయీలు భగవంతునిపై నిలిచిన విశ్వాసమునకు సంబంధించినవి; ఆయన 1961లో మరణించెను. ఆయన తన ప్రశ్నకు సమాధానము కనుగొనెనో, ప్రశ్నతోనే జీవించుట నేర్చెనో ఆ కవితలు చదివినవారు తేల్చుకొనవలసినదే.

ఆ వరద ఫలితముగనే విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరమునకు ఎగువ రెండు పెద్ద జలాశయములు కట్టవలెనని చెప్పిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. నగరమునకు రక్షణయు త్రాగునీరును దొరికెను. ఈ సీమ రైతుల పొలములు కొన్ని నీటిపాలయ్యెను. ఆ నీటిని కాపాడుటకే 1996లో చుట్టుపట్ల 84 గ్రామములలో పెద్ద కట్టడములు కూడవని ప్రభుత్వము ఉత్తరువు చేసెను. నగరము త్రాగు నీటికి ఈ పల్లెలు రెండుమార్లు వెల చెల్లించినవి. దాని నెవ్వరును ఫిత్రా యనలేదు.

నీరు మిక్కిలియైన యేడు వలెనే నీరు లేని యేడును వచ్చును. దానికిని ఇస్లాములో నమాజు కలదు, ఇస్తిస్కా యందురు. పాతబట్టలు కట్టి, తల వంచి, ఊరివెలుపలి బయలునకు పోయి రెండు రకాతులు చేసి, పైయుత్తరీయమును త్రిప్పి వేసికొని వానకై వేడుకొందురు. బట్ట తిరిగినట్లు కాలము తిరుగవలెనని అందలి భావము. అదే కరువున ప్రక్క వాడలో పిల్లలు రోకలికి కప్పను కట్టి ఇంటింట నీళ్లు పోయించుకొని కప్పతల్లి ఆడుదురు. ఇది మాత్రము చంద్రుని కొరకు ఆగదు. మబ్బు రాని ఏ దినమైనను చేయవచ్చును.

1948వ సంవత్సరమును విడిచిపెట్టి ఈ కథ చెప్పుట న్యాయము కాదు. ఆ వేసవి, వానకాలములలో రజాకారుల దౌర్జన్యములు తెలంగాణమును వణకించినవి. వారిని ఖండించి వ్రాసిన ఇమ్రోజు పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాను ఆగస్టులో హత్య చేయబడెను. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు పోలీసు చర్య నడచెను. తరువాత చేవెళ్ల సీమకు పడమటనున్న బీదరు, గుల్బర్గా జిల్లాలలోను, ఉస్మానాబాదు, నాందేడు జిల్లాలలోను సామాన్య ముస్లిములపై దారుణములు జరిగినవని, రాజ్యమంతటను 27 వేలనుండి 40 వేలమంది మరణించియుందురని భారత ప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము తెలిపెను. ఆ నివేదిక చాలకాలము వెలుగు చూడలేదు. ఆ యేడు అక్టోబరు 12 ప్రాంతమున దసరా వచ్చెను; ఆ వెంటనే బక్రీదు. పోలీసు చర్య ముగిసి నెల నిండలేదు. తెలంగాణమున దసరానాడు జమ్మియాకు చేతిలో పెట్టి కౌగిలించుకొనుటను అలాయి బలాయి యందురు. ఈదునాడు నమాజు ముగిసినవెంటనే ముస్లిములు కౌగిలించుకొందురు. ఆ యేటి రెండు కౌగిళ్లకు నడుమ ఒకటి రెండు దినములే యెడము. ఏ ఊరిలో ఎవరు ఎవరి యింటికి పోయిరి, ఎవరు పోక నిలిచిరి యనునది ఆయా యూళ్ల వృద్ధులు తమ బిడ్డలకు చెప్పిపోయిన చరిత్ర. ఊరి గ్రంథాలయములు పూనుకొని వ్రాసి పెట్టవలసిన చరిత్రయు నదియే. ఆ తరము దాదాపు వెళ్లిపోయినది.

మరుసటి యేడు 1949లో నిజాము సొంత సర్ఫేఖాసు భూములు ప్రభుత్వములో కలిసిపోయినవి. ఈ సీమయున్న అత్రాఫ్‌బల్దా జిల్లా పేరును చెరిగిపోయెను. వారపు సెలవు ఆదివారమునకు మారెను. 1978లో రంగారెడ్డి జిల్లా, 1985లో మండలములు ఏర్పడినవి. నగరము మొయినాబాదు దాటి చేవెళ్లవైపు చేతులు చాచినది. ఒకనాడు ఊరికి వెలుపలనుండిన బయళ్లు నేడు ప్లాట్ల నడుమకు వచ్చుచున్నవి. పీరును ఎత్తువాని కుమారుడు నగరమున ఉద్యోగము చేయుచు, ఆ పదవనాటికి సెలవు దొరకునా యని చూచుకొనుచున్నాడు. కట్టెలు తెచ్చువారి వంతు, పానకము పోయువారి వంతు ఎవరిదో చెప్పగలవారు ఊరికి ఇద్దరు ముగ్గురు మిగిలిరి. ఉలేమాల ఆక్షేపణయు, ఎదుటివారి నిషేధమును చేయలేని పనిని ఈ మరుపు చేయుచున్నది.

చంద్రుడు మాత్రము తన లెక్క తాను నడుపుకొనుచున్నాడు. 1997లో వలెనే 2030లో రంజాను నెల ఒకే సంవత్సరమున రెండుమార్లు మొదలు కానున్నది. జనవరి మొదటివారమున ఒకమారు, డిసెంబరు చివరివారమున ఒకమారు. రెండును చలికాలపు పొట్టిపగళ్లు. చేవెళ్ల చేలలో కంది కోతకు వచ్చు దినములును అవే. కోసినదినమున ఇయ్యవలసిన హక్కును, నోరుకట్టుకొని ఉండవలసిన ఉపవాసమును ఆ యేడు ఒక్క కళ్లముననే కలిసికొనును.